ఎంత నొక్కాలి?

రేసు కారుకి ఇంజను కట్టేటప్పుడు మొదట్లోనే తేల్చుకోవాల్సిన అంకె ఒకటుంటుంది. చూడ్డానికి చాలా అల్పంగా కనిపిస్తుంది: 6, 7.4, 9.4, 11, ఇలా. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఉన్న చోటెంత, పైకొచ్చాక మిగిలిన చోటెంత, ఆ రెంటి నిష్పత్తి అది. మన తెలుగు మీడియం పాఠ్యపుస్తకాల భాషలో సంపీడన నిష్పత్తి. మెకానిక్ షెడ్డులో ఆ మాట ఎవరూ అనరు, కంప్రెషన్ అంటారు. నేనూ అదే వాడతాను.

సూపర్‌ఛార్జర్ లేని ఇంజనైతే ఈ అంకెను వీలైనంత పైకి తీసుకెళ్లడమే పని. సూపర్‌ఛార్జర్ ఉంటేనే చిక్కు. గాలిని సిలిండర్ బయటే ఒకసారి నొక్కి లోపలికి తోస్తున్నాం. లోపల పిస్టన్ దాన్ని మళ్లీ నొక్కుతుంది. మరి బయట ఎంత నొక్కాలి, లోపల ఎంత నొక్కాలి? వందేళ్లుగా రేసింగ్ ఇంజనీర్లు దీనికి రకరకాల జవాబులిచ్చారు. ఆ జవాబుల్ని వరసగా పెట్టుకుని చదువుతుంటే నాకు అర్థమైంది ఏమిటంటే, ఇది పైకి లోహం గురించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ అసలు ప్రశ్న ట్యాంకులో ఏం పోస్తున్నాం అనేది. ఆ పోసేది ఎక్కణ్ణించి వచ్చింది, దానికి మూల్యం ఎవరు కట్టారు అనేది కూడా ఈ కథలోదే.

ముందు కాస్త లెక్క. ఓపిక పట్టండి, ఎక్కువసేపు పట్టదు.

కంప్రెషన్ పెరిగేకొద్దీ అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని రాబట్టవచ్చు. ఆదర్శ ఇంజను సూత్రం ప్రకారం చూస్తే కంప్రెషన్ 7 ఉన్నప్పుడు ఇంధనం ఇచ్చే వేడిలో 54 శాతం పనిగా మారుతుంది. 9 ఉంటే 58 శాతం పైన. కాగితం మీది లెక్క ఇది, నిజం ఇంజను ఇందులో సగం పైచిలుకు ఇస్తే గొప్ప. కానీ పోలిక కోసం పనికొస్తుంది. అంటే 9 నుంచి 7కి దిగితే మనం పోగొట్టుకునేది ఉన్నదాంట్లో ఏడెనిమిది శాతం. ఇప్పుడు రెండో వైపు చూడండి. సూపర్‌ఛార్జర్‌తో గాలి పీడనాన్ని రెట్టింపు చేశామనుకుందాం. గాలి రెట్టింపు రాదు, ఎందుకంటే నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చెయ్యి కాలేంత వేడెక్కడం చిన్నప్పుడు అందరూ చూసిందే. 30 డిగ్రీల గాలిని అంత గొప్పదేమీ కాని ఒక పాతకాలపు బ్లోయరుతో రెట్టింపు పీడనానికి నొక్కితే అది 150 డిగ్రీల దాకా పోతుంది. వేడి గాలి పల్చబడుతుంది కాబట్టి చివరికి సిలిండర్‌లోకి చేరేది 43 శాతం ఎక్కువ గాలి. దాన్ని దారిలో 60 డిగ్రీలకి చల్లార్చగలిగితే 82 శాతం ఎక్కువ.

ఏడెనిమిది శాతం వదులుకుంటే నలభయ్యో ఎనభయ్యో వస్తోంది. బేరం బావుంది కదా. మరి కంప్రెషన్ వదులుకోవడం ఎందుకు, రెండూ ఉంచుకోవచ్చు కదా అంటే, అక్కడ అడ్డం పడేది నాకింగ్.

స్పార్కు వెలిగాక మంట ఒక చివర్నించి ఇంకో చివరికి పాకుతూ పోవాలి. ఈలోగా ఇంకా అంటుకోని మిగతా మిశ్రమం ముందున్న మంట ఒత్తిడికి నలిగి, వేడెక్కి, తన వంతు రాకముందే మొత్తం ఒక్కసారిగా అంటుకుంటే సుత్తితో కొట్టినట్టు శబ్దం వస్తుంది. అదే నాకింగ్. రోడ్డు మీద బండిలో వస్తే కంగారు పడి గేరు మారుస్తాం. రేసు ఇంజన్లో వస్తే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. ఆ మిగతా మిశ్రమానికి తను బయట నలిగిందా, లోపల నలిగిందా అన్న తేడా తెలీదు. మొత్తం మీద ఎంత ఒత్తిడి, ఎంత వేడి, ఎంతసేపు అన్నదే దానికి లెక్క. అంటే కంప్రెషనూ, సూపర్‌ఛార్జరూ ఒకే జేబులోంచి ఖర్చుపెడుతున్నాయన్న మాట. ఆ జేబు నాకింగ్‌ని ఓర్చుకోగల ఇంధనం.

ఈ మాటను మొట్టమొదట పట్టుకున్నవాడు హ్యారీ రికార్డో. 1885లో లండన్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో బెర్‌ట్రమ్ హాప్కిన్సన్ దగ్గర చదివాడు. ఇంజన్లో వచ్చే ఆ సుత్తిదెబ్బ వేరు, స్పార్కుకి ముందే ఏ ఎర్రగా కాలిన ముక్కో మిశ్రమాన్ని అంటించడం వేరు అని గురుశిష్యులిద్దరూ అప్పట్లోనే విడదీసి చూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ట్యాంకులకి పొగ రాని ఇంజను చేసిపెట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆయన ఆత్మకథ చదివితే మనిషి నెమ్మది తెలుస్తుంది. ఎక్కడా గొంతు పెంచడు. నాకు ఆ పుస్తకంలో మర్చిపోలేని భాగం బోర్నియో పెట్రోలు కథ.

ఆ రోజుల్లో పెట్రోలు మంచిచెడ్డలు దాని సాంద్రతని బట్టి చూసేవాళ్లు. తేలికగా ఉంటే మంచిది, బరువైతే నాసిరకం. పాలలో నీళ్లు కలిపారా లేదా చూసినట్టే, ఒక సాధనం ముంచి అంకె చదవడమే. రికార్డో దగ్గరికి షెల్ కంపెనీ పరీక్ష కోసం నమూనాలు పంపింది. వాటిలో ఒకటి మిగతావాటికంటే ఎంతో ఎక్కువ కంప్రెషన్‌ని నాకింగ్ లేకుండా ఓర్చుకుంది. ఎక్కడిదని ఆరా తీస్తే బోర్నియో చమురు నుంచి తీసిందని తేలింది. అందులో టొలుయీన్ లాంటి ఆరోమాటిక్ పదార్థాలు దండిగా ఉన్నాయి. వాటివల్లే బరువు. బరువు కాబట్టి మార్కెట్లో కొనేవాడు లేడు. కొనేవాడు లేడు కాబట్టి అక్కడి అడవిలో టన్నులకి టన్నులు తగలబెట్టి వదిలించుకుంటున్నారు.

కొలవాల్సిందాన్ని కాకుండా కొలవడానికి వీలైందాన్ని కొలిచే అలవాటు మనకి బాగా తెలిసిందే, ఎంసెట్ ర్యాంకుల రాష్ట్రాల వాళ్లం. రికార్డో మాత్రం సరైన కొలత కోసం ఒక ఇంజన్నే కట్టాడు. ఒకే సిలిండర్. నడుస్తుండగానే కంప్రెషన్‌ని పెంచుతూ, తగ్గిస్తూ పోవచ్చు. 1919లో తయారైన ఆ ఇంజను పేరు ఈ-35. హెన్రీ టిజార్డ్, డేవిడ్ పై అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల్ని తోడు పెట్టుకుని, ఇంగ్లండు దక్షిణ తీరంలో షోరమ్ దగ్గరున్న తన వర్క్‌షాపులో ఒక్కో ఇంధనాన్నీ అందులో పోసి, ఏ అంకె దగ్గర సుత్తి మోగడం మొదలవుతుందో రాసుకుంటూ పోయాడు. నాకింగ్‌కి తేలిగ్గా లొంగే ఇంధనంలో ఎంత టొలుయీన్ కలిపితే ఫలానా పెట్రోలుతో సమానమవుతుందో ఆ శాతాన్ని టొలుయీన్ నంబరు అన్నారు. ఆక్టేన్ నంబరుకి అక్క వరసన్న మాట. ఈ టొలుయీన్ మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక సూపర్‌ఛార్జర్. దాని పుట్టుక రేసుల్లో కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్ అనే ఊళ్లో రూట్స్ అనే అన్నదమ్ములు ఉన్నిమిల్లు నడిపేవాళ్లు. మిల్లు నీటిచక్రానికి మెరుగైనది చేద్దామని ఒక పెట్టెలో రెండు రెక్కల ఇరుసులు ఒకదానికొకటి పెనవేసుకుని తిరిగేలా పెడితే, నీళ్లతో కంటే గాలితో అది బాగా పనిచేసింది. 1860లో పేటెంటు వచ్చింది. ఇనుము కరిగించే కొలుములకి గాలి ఊదడానికీ, గనుల్లోకి గాలి పంపడానికీ వాడారు. అరవై ఏళ్ల తరవాత అదే పెట్టె చిన్నదై రేసు కారు ముక్కులో కూర్చుంది.

ఎందుకు అప్పుడే? రూల్సు వల్ల. 1922 నుంచి గ్రాండ్ ప్రీ కార్లకి రెండు లీటర్ల హద్దు పెట్టారు. హద్దు సిలిండర్ కొలతకే గానీ అందులోకి వెళ్లే గాలికి కాదు. ఇది అచ్చంగా పన్ను ఎగవేత పద్ధతి. ఇంటి వెడల్పు మీద పన్ను వేస్తే పైకి కట్టుకుంటూ పోయినట్టు. ఫియట్ 1923లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీకి సూపర్‌ఛార్జర్ కారు తెచ్చింది. రోడ్డు మీది దుమ్మూ రాళ్లూ లోపలికి పోయి అది చెడింది. అదే ఏడాది సెప్టెంబరులో మోంజాలో వేరే రకం, మన రూట్స్ రకం, బ్లోయరుతో వచ్చి కార్లో సలమానో గెలిచాడు. సూపర్‌ఛార్జర్ ఉన్న కారు గ్రాండ్ ప్రీ గెలవడం అదే మొదలు. ఫియట్ నుంచి ఆల్ఫా రోమియోకి వెళ్లిన విటోరియో యానో మరుసటి ఏడాదే అక్కడ పీ-2 అనే కారు చేశాడు. రెండు మూడేళ్లలో బ్లోయరు లేకుండా గ్రాండ్ ప్రీ గెలవడం అసాధ్యమైపోయింది.

అందరూ ఒప్పుకున్నారని కాదు. డబ్ల్యూ. ఓ. బెంట్లీకి ఇదంటే అసహ్యం. ఎక్కువ బలం కావాలా, పెద్ద ఇంజను కట్టు, అంతేగానీ ఉన్నదాని గొంతులో గాలి కుక్కడమేమిటన్నది ఆయన వాదన. ఆయన కంపెనీ కార్లు నడిపే టిమ్ బిర్కిన్ వినలేదు. డొరొతీ పాజెట్ అనే సంపన్నురాలి డబ్బుతో, ఆమ్హర్స్ట్ విలియర్స్ డిజైన్ చేసిన బ్లోయరుతో నాలుగున్నర లీటర్ల బెంట్లీకి ముందు వైపు ఒక పెద్ద ఇనప ఉబ్బు తగిలించాడు. అందంగా ఉంటుంది, ఇవాళ వేలంలో కోట్లు పలుకుతుంది. 1930లో పో అనే ఊళ్లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో తేలికపాటి బుగాటీల మధ్య ఈ ఏనుగు రెండో స్థానంలో వచ్చింది. కానీ లె మాన్స్ ఇరవైనాలుగు గంటలు గెలిచింది మాత్రం బ్లోయరు లేని బెంట్లీలే. మొండితనం కొన్నిసార్లు పనిచేస్తుంది.

బిర్కిన్‌కీ, ఆయన కాలపు వాళ్లకీ అసలు లోటు ఇంధనంలో ఉంది. జేబు ఖాళీ. దాన్ని నింపడానికి రెండు దారులు దొరికాయి. ఒకటి ఆల్కహాలు, రెండోది సీసం.

సీసం కథ ముందు చెప్తాను, ఎందుకంటే అదే మన ఇళ్ల దాకా వచ్చింది. జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో చార్లెస్ కెటరింగ్ కింద పనిచేసే థామస్ మిడ్గ్లీ, 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ అనే పదార్థాన్ని ఇంజన్లో చూశాడు. పెట్రోల్లో అది చిటికెడు పడితే చాలు, సుత్తిదెబ్బ మాయం. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో అమ్మకం మొదలైంది. ఆ ఏడాది ఇండియానాపొలిస్ 500 రేసులో మొదటి మూడు స్థానాల కార్లు ఆ పెట్రోలు మీదే నడిచాయని ప్రచారం చేసుకున్నారు. ఆల్కహాలు కలిపినా నాకింగ్ తగ్గుతుందని మిడ్గ్లీ బృందానికి అప్పటికే తెలుసు. వాళ్లే దాన్ని పరీక్షించారు, మెచ్చుకున్నారు. కానీ ఆల్కహాలు ఏ రైతైనా కాచుకోగలిగింది. దాని మీద పేటెంటు రాదు. అమ్మకానికి పెట్టిన సరుకు పేరులో సీసం అన్న మాట లేకుండా ఇథైల్ అని మాత్రమే పెట్టారు. సీసం విషమని రోమన్ల కాలం నుంచీ లోకానికి తెలుసు కాబట్టి.

1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రం బేవే అనే చోట స్టాండర్డ్ ఆయిల్ ఫ్యాక్టరీలో ఆ పదార్థం తయారుచేసే పనివాళ్లకి మతిభ్రమించింది. ఐదుగురు చనిపోయారు. ఆ నెలాఖరున మిడ్గ్లీ విలేఖరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, వాసన పీల్చి చూపించాడు. ఏమీ కాదన్నాడు. అంతకు ముందు ఏడాది తనే సీసం విషప్రభావం నుంచి కోలుకోడానికి కొన్ని వారాలు సెలవు పెట్టి ఉన్నాడు. భారతదేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో ఆఖరి బంకు, అల్జీరియాలో, 2021లో. నాలాంటి వాళ్లం చిన్నప్పుడు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర స్కూలు ఆటోలో కూర్చుని పీల్చింది మిడ్గ్లీ జేబులోంచి వచ్చిందే. ఇంజను కంప్రెషన్ అంకె పక్కన ఈ లెక్క ఏ పట్టికలోనూ వెయ్యరు.

ఆ ఇథైల్ కంపెనీ తరఫునే గ్రాహమ్ ఎడ్గర్ అనే రసాయనవేత్త 1926 ప్రాంతంలో ఇప్పుడు మనం వాడే ఆక్టేన్ కొలత తయారుచేశాడు. ఐసో ఆక్టేన్ అయితే వంద, హెప్టేన్ అయితే సున్నా. శుద్ధమైన హెప్టేన్ కోసం చమురు శుద్ధి కంపెనీల చుట్టూ తిరగక్కర్లేకపోయింది. కాలిఫోర్నియాలో పెరిగే జెఫ్రీ పైన్ అనే చెట్టు జిగురులో అది దాదాపు శుద్ధంగా దొరుకుతుంది. ప్రపంచంలో ప్రతి బంకు మీదా ఉండే 91, 95 అంకెలకి సున్నా ఒక చెట్టు బంక.

మన హైదరాబాదు పేరు ఈ కథలో ఒక్కసారి తగులుతుంది, అదీ ఆకాశంలో. రేసుల నుంచి అక్కడికి దారి ఉంది. ష్నైడర్ ట్రోఫీ అనే సముద్ర విమానాల పందెం కోసం రోల్స్ రాయిస్ ఆర్ అనే ఇంజను కట్టారు. 37 లీటర్లు, బ్రహ్మాండమైన సూపర్‌ఛార్జర్, కంప్రెషన్ మాత్రం 6. అది బతికి బట్టకట్టడానికి రాడ్ బ్యాంక్స్ అనే ఇంధన నిపుణుడు ఒక పాకం చేశాడు: చాలా వరకు బెంజోల్, కాస్త మిథనాల్, కాస్త పెట్రోలు, పైన సీసం. 1931లో 2,350 హార్స్‌పవర్ వచ్చింది. అదే ఇంజనుతో 1935లో మాల్కమ్ క్యాంప్‌బెల్ తన బ్లూబర్డ్ కారుని అమెరికాలో బోనవిల్ ఉప్పు మైదానం మీద గంటకి 300 మైళ్లు దాటించాడు. ఆ ఇంజను నేర్పిన పాఠాలు తరవాత మెర్లిన్ ఇంజన్లోకి వచ్చాయి. మెర్లిన్ కంప్రెషన్ కూడా 6. యుద్ధం మొదలయ్యేటప్పుడు 87 ఆక్టేన్ పెట్రోలు మీద దాని సూపర్‌ఛార్జర్ చదరపు అంగుళానికి 6.25 పౌన్ల అదనపు పీడనం ఇచ్చేది. 1940లో 100 ఆక్టేన్ పెట్రోలు రావడంతో దాన్ని 12కి పెంచారు. పిస్టన్ మార్చలేదు, హెడ్ మార్చలేదు. బలం 1,030 నుంచి 1,310 హార్స్‌పవర్‌కి చేరింది. జేబు నిండింది కాబట్టి ఖర్చు పెరిగింది, అంతే. ఆ వేసవిలో డోర్సెట్ తీరంలో వార్మ్‌వెల్ నుంచి ఆ ఇంజన్లతో ఎగిరిన స్పిట్‌ఫైర్ దళాల్లో ఒకటి 152 స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన డబ్బుకి కృతజ్ఞతగా దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఆ డబ్బు ఏ తెలంగాణ పల్లెల్లో ఎలా పోగయిందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఆరు దగ్గరే ఎందుకు ఆగారు? ఇక్కడ ఒక తెలివి ఉంది. కంప్రెషన్ అనేది పిస్టన్ ఆకారంలో, హెడ్డులోని గుంతలో పోతపోసిన నిర్ణయం. మార్చాలంటే ఇంజను విప్పాలి. సూపర్‌ఛార్జర్ పీడనం అలా కాదు, రేసు కారులో అయితే ఒక గేరో పుల్లీయో మారిస్తే సరి. రేపు ఇంతకంటే మంచి ఇంధనం వస్తుందన్న ఆశ ఉన్నవాడు కంప్రెషన్ తక్కువగా ఉంచుకుని, మార్చుకోగలిగినదాన్ని పెంచుకుంటూ పోతాడు. పోతపోసింది తక్కువ, అద్దెకి తెచ్చుకున్నది ఎక్కువ.

రెండో దారి ఆల్కహాలు. ఇది రేసుల వాళ్ల సొంతం. మిథనాల్‌కి నాకింగ్ ఓర్పు ఎక్కువ, సరే. కానీ అసలు గుణం వేరే. అది ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాగేస్తుంది. చేతి మీద స్పిరిట్ రాస్తే చల్లగా తగలడం లాంటిదే. కిలోకి లెక్కేస్తే పెట్రోలు లాగే వేడికి మూడు రెట్లు. పైగా కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి పద్నాలుగున్నర కిలోల పైచిలుకు గాలి కావాలి, మిథనాల్‌కి ఆరున్నర కిలోల లోపే చాలు. అంటే అదే గాలికి రెట్టింపు పైన ఇంధనం పొయ్యాలి. రెండూ కలిపితే అదే గాలిని మిథనాల్ ఏడు రెట్లు ఎక్కువగా చల్లారుస్తుంది. ఇందాక 150 డిగ్రీలకి పోయిన గాలి గుర్తుందా? దాని కోసం వేరే రేడియేటరు అక్కర్లేదు. ఇంధనమే రేడియేటరు.

1930లలో జర్మన్ కార్లు ఈ దారినే పోయాయి. 1937 నాటి మెర్సిడెస్ డబ్ల్యూ-125 కారు ఐదున్నర లీటర్ల పైచిలుకు ఇంజన్లోంచి ఆరువందల దాకా హార్స్‌పవర్ తీసింది. చాలా వరకు మిథనాల్, కాస్త అసిటోన్, కాస్త నైట్రోబెంజీన్. ఆ పొగ పీల్చినవాళ్లకి కళ్లు మండేవి, బూటుపాలిష్ వాసన వేసేది. ఆ బలాన్ని నాజీ ప్రభుత్వం ఊరేగించుకున్న సంగతి వేరే కథ, ఇక్కడ ఇమడదు.

ఈ దారిలో చివరి దాకా నడిచింది ఆల్ఫా రోమియో 158. జోయాకినో కొలంబో 1938లో గీసిన ఒకటిన్నర లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను. మొదట్లో 200 హార్స్‌పవర్ దగ్గర. యుద్ధంలో జర్మన్ల కళ్లపడకుండా కార్లని ఒక జున్ను కర్మాగారంలో దాచారని చెప్పుకుంటారు. యుద్ధం తరవాత బయటికి తీసి, ఒకదాని వెనక ఒకటి రెండు బ్లోయర్లు పెట్టి, పీడనం పెంచుకుంటూ పోయారు. 1951 నాటికి, 159గా పేరు మారిన అదే ఇంజను నిమిషానికి 9,300 చుట్ల దగ్గర 425 హార్స్‌పవర్ ఇచ్చింది. పదమూడేళ్లలో రెట్టింపు. దానికి కట్టిన కప్పం ఇంధనం. గ్యాలనుకి ఒకటిన్నర మైళ్లు, అంటే లీటరుకి అర కిలోమీటరు. అందులో చాలా భాగం మండడానికి కాదు, ఇంజను కరిగిపోకుండా కాపాడడానికి పోస్తున్నది. చన్నీళ్ల బదులు ఆల్కహాలుతో ఇంజనుకి స్నానం చేయిస్తున్నారన్న మాట.

అప్పటి రూలు ఇది: సూపర్‌ఛార్జర్ ఉంటే ఒకటిన్నర లీటర్లు, లేకపోతే నాలుగున్నర. ఫెరారీ కూడా మొదట ఒకటిన్నర లీటర్ల బ్లోయరు ఇంజనే చేసింది. అదీ కొలంబో గీసిందే. ఆల్ఫాని అందుకోలేకపోయింది. అప్పుడు ఔరేలియో లాంప్రెడీ అనే కుర్ర ఇంజనీరు ఎంజో ఫెరారీని తిరగబడి ఆలోచించమన్నాడు. బ్లోయరు తీసేద్దాం. నాలుగున్నర లీటర్లు తీసుకుందాం. జేబులోదంతా కంప్రెషన్ మీదే ఖర్చుపెడదాం. కంప్రెషన్ 11 ప్రాంతంలో పెట్టారు, ఆల్ఫాలో అది ఎనిమిది లోపే. బలంలో ఆల్ఫాకి ఇంకా తక్కువే, 380 దగ్గర. కానీ తాగేది చాలా తక్కువ.

1951 జులై 14, సిల్వర్‌స్టోన్. బొద్దుగా ఉండే అర్జెంటీనా డ్రైవరు హోసే ఫ్రోయిలాన్ గొంజాలెజ్ ఫెరారీలో, అతని దేశస్థుడే అయిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో ఆల్ఫాలో. ఫాంజియో ఇంధనం కోసం రెండుసార్లు ఆగాల్సొచ్చింది. నింపిన ప్రతిసారీ ట్యాంకు బరువుతో కారు మందగించింది. గొంజాలెజ్ ఒక్కసారే ఆగాడు. ఆగినప్పుడు కారు దిగబోయాడట, తన కారు చెడి నిలబడి ఉన్న జట్టు పెద్ద ఆల్బర్టో అస్కారికి ఇద్దామని. అస్కారి వద్దని భుజం తట్టి పంపాడు. 51 సెకన్ల తేడాతో గెలుపు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫెరారీకి మొదటి విజయం. ఆ ఏడాది టైటిల్ ఫాంజియోకే దక్కింది, కానీ సీజన్ అయ్యాక ఆల్ఫా జట్టు తప్పుకుంది. ఇక పిండుకోడానికి ఆ ఇంజన్లో ఏమీ మిగల్లేదు.

నాకు ఆ రేసు ఎందుకు ముఖ్యమంటే, అప్పటిదాకా ఇంజన్ల పోటీగా కనిపించింది అక్కడ ట్యాంకుల పోటీ అని బయటపడింది. ఇంజను గదిలో గెలిచినవాడు పెట్రోలు డబ్బా దగ్గర ఓడిపోయాడు. 1923లో రెండు లీటర్ల పన్ను ఎగ్గొట్టడానికి తెచ్చిన ఎత్తు, ముప్పై ఏళ్లకి వడ్డీతో సహా కట్టాల్సొచ్చింది.

ఆ తరవాత పాతికేళ్లు గ్రాండ్ ప్రీల్లో బ్లోయర్ల ఊసు లేదు. 1977లో రెనో తిరిగి తెచ్చింది, ఈసారి ఇంజను బెల్టుతో కాక పొగ గొట్టంలోంచి పోయే వేడి గాలితో తిరిగే టర్బో. గాలిని నొక్కే పని అదే, ప్రశ్నా అదే. ఆల్కహాలుకి రూల్సు ఒప్పుకోవు, పెట్రోలే వాడాలి, 102 ఆక్టేన్ దాటకూడదు. అప్పుడు జర్మన్ రసాయన కంపెనీల వాళ్లు బీఎండబ్ల్యూ ఇంజను కోసం వెతికి పట్టుకొచ్చింది మన పాత స్నేహితుణ్ణే. టొలుయీన్. 1983లో నెల్సన్ పికే ఆ ఇంజనుతో ఛాంపియన్ అయ్యాడు.

ఈ కథ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం 1988. టర్బోలని తరిమేయడానికి ఆ ఏడాది రూల్సు బిగించారు. అంతకు ముందు ఏడాది 4 బార్ పీడనం, రేసుకి 195 లీటర్ల ఇంధనం. ఇప్పుడు రెండున్నర బార్, 150 లీటర్లు. అందరూ టర్బో పని అయిపోయిందనుకున్నారు. హోండా ఇంజనీర్లు చేసింది ఏమిటంటే, బయట నొక్కడం తగ్గింది కాబట్టి జేబులో కాస్త మిగిలింది, దాన్ని లోపల నొక్కడానికి వాడుకుందాం అని కంప్రెషన్‌ని 7.4 నుంచి 9.4కి పెంచారు. ఇంధనంలో 84 శాతం టొలుయీన్. మరి మిగతా 16? హెప్టేన్. ఆక్టేన్ కొలతలో సున్నా. టొలుయీన్ ఒక్కటే పోస్తే 102 దాటిపోతుంది, రూలు ఒప్పుకోదు. అందుకని కావాలని సున్నా సరుకు కలిపి కిందికి దించారు. రికార్డో కొలతలో చెప్పాలంటే దాని టొలుయీన్ నంబరు ఎనభై నాలుగు అనాలేమో. టొలుయీన్ తేలిగ్గా ఆవిరి కాదు, అందుకని ఇంజన్లోకి వెళ్లేముందు ఇంధనాన్ని వేడిచేశారు. ఆల్ఫా వాళ్లు చల్లదనం కోసం ఇంధనాన్ని పారబోస్తే, వీళ్లు పొదుపు కోసం వెచ్చబెట్టారు. అలా 685 హార్స్‌పవర్ వచ్చింది. సెన్నా, ప్రోస్ట్ నడిపిన మెక్‌లారెన్ ఆ ఏడాది 16 రేసుల్లో 15 గెలిచింది.

ఇప్పుడు సూపర్‌ఛార్జర్‌తో రేసు కారు కడుతూ కంప్రెషన్ ఎంత పెట్టాలని ఎవరైనా అడిగితే, తెలిసినవాళ్లు తిరిగి మూడు ప్రశ్నలు వేస్తారు. ట్యాంకులో ఏం పోస్తావు, నొక్కిన గాలిని ఎంత చల్లారుస్తావు, రేసు ఎంత దూరం. పావు మైలు పరిగెత్తే డ్రాగ్ కారు మిథనాల్‌తో స్నానం చేస్తూ పోవచ్చు, దానికి పొదుపుతో పనిలేదు. బంకు పెట్రోలుతో గంటసేపు తిరగాల్సిన కారు ఎనిమిది, తొమ్మిది దగ్గర తగ్గి ఉండాలి. ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి వచ్చాక ఆ చల్లదనం లోపలే దొరుకుతోంది కాబట్టి ఇవాళ రోడ్డు మీది టర్బో కార్లే పది దాకా పోతున్నాయి. కొలంబోకి చెప్తే నమ్మేవాడు కాదు.

ఇక ఆల్కహాలు. 1920లలో పేటెంటు రాదని మిడ్గ్లీ బృందం పక్కనపెట్టిన ఎథనాల్, ఇవాళ 20 శాతం లెక్కన మన బంకుల్లో అందరి ట్యాంకుల్లోనూ పడుతోంది. మైలేజీ తగ్గిందని వాట్సాప్‌లో గొడవ. తగ్గుతుంది, ఎథనాల్లో లీటరుకి వేడి తక్కువ. కానీ దాని నాకింగ్ ఓర్పు పెట్రోలు కంటే ఎక్కువ. ఆ ఓర్పుని వాడుకునేలా కంప్రెషన్ పెంచి కట్టిన ఇంజను ఉంటే పోయినదాంట్లో కొంత తిరిగొస్తుంది. పాత ఇంజన్లో పోస్తే ఆ జేబులో డబ్బు అలాగే ఉండిపోతుంది, ఖర్చుపెట్టే దారి లేక.